ఆదిలోనే హంసపాదు

ఇంటి ఇంజనీరింగు

గత సంచికలో ఇంటి మీది నీళ్ళ ట్యాంకును శుభ్రపరచుకొనే పద్ధతిని గురించి ముచ్చటించుకున్నాము. ఆ వ్యాసం చదివి తమ అనుభవాలను రాసి పంపిన సోదర సోదరీమణులకు కృతజ్ఞతలు. ఈ మాసం ఇంట్లో బట్టలు కుట్టుకోవడాన్ని గురించి, కాగితపు నమూనాను ఒంటికి తగినట్టు సవరించుకోవడాన్ని గురించి రాయదలచాము. ముప్పయి ఏళ్ళు యంత్రాల మధ్య గడిపిన మనిషికి సూదీ దారంతో ఏమి పని అని కొందరు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు మా ఇంట్లోనే ముందుగా విన్నాము. అయినను రాయడానికి ఒక కారణమున్నది. కొలత అనే మాటకు అసలైన అర్థం మాకు కర్మాగారంలో కంటె ఒక ఆడపిల్ల కమీజు దగ్గర బాగా బోధపడినది.

మన ఇళ్ళలో దర్జీ వద్దకు వెళ్ళేటప్పుడు కొత్త బట్టతో పాటు ఒక పాత జాకెట్టో, చొక్కానో తీసుకొని వెళ్ళడం ఆచారం. దానినే ఆది అంటాము. దర్జీ ఆదిని బల్లమీద పరచి, టేపు పెట్టి, అంకెలు రాసుకొని పంపివేస్తాడు. మనిషిని కొలవవలసిన పని లేదు. ఆడపిల్లలకు బిడియం లేదు. ఇరుపక్షాలకు సమయం కలిసివస్తుంది. ఇన్ని సౌకర్యాలున్న ఈ పద్ధతిలో లోపం ఒక్కటే. ఆదిలో ఉన్నది తప్పయినా, సవరణ అయినా, అది చడీచప్పుడు లేకుండా కొత్త బట్టలోకి చేరుతుంది. మరుసటి ఏడు ఆ కొత్త బట్టే ఆది అవుతుంది. కర్మాగారంలో మనం వాడే గేజిని గడువు తప్పకుండా ప్రామాణిక గేజితో సరిచూచి చీటీ అతికిస్తాము. ఇంట్లోని ఆదికి అట్టి తనిఖీ లేదు. 'ఆదిలోనే హంసపాదు' అన్న సామెత ఏ సందర్భంలో పుట్టినదో గాని, మా ఇంట అది అక్షరాలా జరిగినది.

పెళ్ళికి రానన్న పిల్ల

2014లో మేము ఉత్తరాదిన మన సంస్థ ప్రాజెక్టు టౌన్‌షిప్‌లో ఉండేవారము. మా చిన్నమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. టౌన్‌షిప్ బజారులో ఒక వృద్ధుడైన మాస్టరుగారు ఉండేవారు. రెండేళ్ళుగా మా పిల్ల బట్టలన్నీ ఆయనే కుట్టారు. పాత కమీజును ఆదిగా ఇచ్చి రావడం, వారం తరువాత పిల్లను తీసుకొనిపోయి ఒకసారి తొడిగి చూచుకోవడం, అంతే మా బాధ్యత. బట్ట ఎప్పుడూ చక్కగా అమరేది.

ఆ వేసవిలో మాస్టరుగారు కంటి శుక్లాల ఆపరేషను కోసం స్వగ్రామం వెళ్ళారు. అదే సమయానికి రాజమండ్రిలో మా బావమరిది పెళ్ళి వచ్చినది. పట్నం వెళ్ళి ఒక దుకాణంలో రెడీమేడు కమీజులు చూచాము. పిల్ల మూడు తొడిగి చూసుకొన్నది. మూడింటిలోను మెడ ఎడమవైపుకు జారినది, అంచు కుడివైపున పైకి లేచినది. దుకాణదారు నవ్వుతూ, బట్టలో దోషం లేదనీ, అమ్మాయే సరిగా నిలబడడం లేదనీ అన్నాడు.

ఆయననని ఏమి లాభం? ఇంటికి వచ్చిన తరువాత మేమూ ఆ మాటే అన్నాము. "నిటారుగా నిలబడమ్మా, ఒక కాలిమీద బరువు వేయకు" అని. నిజానికి ఆ ఏడాదిలో అట్లా మందలించడం అది మొదటిసారి కాదు. ఆ రాత్రి పిల్ల, తాను పెళ్ళికి రాననీ, పరీక్షలకు చదువుకుంటాననీ వాళ్ళమ్మతో చెప్పినది. వేసవి సెలవులలో పరీక్షలేమిటో మాకు తట్టలేదు. మా శ్రీమతికి తట్టినది. మరునాడు ఆమె అటక మీదినుండి తన తల్లిగారి కాలితో తొక్కే మిషనును దింపించినది. పెట్టెలోనుండి మంగళగిరి నూలు బట్ట తీసినది. అది పిల్ల అమ్మమ్మగారు పంపినది, రెండున్నర మీటర్లు, మళ్ళీ దొరికేది కాదు. "ఏమండీ, లెక్కలు మీరు చూడండి, కుట్టడం నేను చూస్తాను" అన్నది. ఆ విధంగా మేము ఈ విద్యలో అడుగు పెట్టాము.

నమూనా ఎవరి కోసం గీసినది?

కుట్టు నేర్పే ఒక పుస్తకంతో వచ్చిన కాగితపు నమూనా మా శ్రీమతి వద్ద ఉన్నది. వేర్వేరు సైజులలో కత్తిరించిన కాగితపు నమూనాలను అమ్మే వ్యాపారాన్ని అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ 1863లో ఆరంభించాడు. అంతకుముందు చాలామంది గృహిణులు పాత బట్టను విప్పి కొత్త బట్టమీద పరచి గీసుకొనేవారు. అనగా వారిదీ ఆది పద్ధతే. కాగితపు నమూనాతో ఆ చిక్కు తీరినది గాని మరొకటి వచ్చినది. నమూనా ఒక సగటు మనిషికి గీసినది. ఆ సగటు మనిషి ఎక్కడున్నాడు?

ఇందుకు ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. 1950లో అమెరికా వైమానిక దళం నాలుగు వేలకు పైగా పైలట్ల శరీర కొలతలు తీయించినది. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ పరిశోధకుడు వాటిలో 4,063 మంది కొలతలను పరిశీలించి, ఎత్తు, ఛాతీ, చేతి పొడవు మొదలైన పది అంశాలలో ఎంతమంది సగటుకు దగ్గరగా ఉన్నారో లెక్కించాడు. పది అంశాలలోను సగటుకు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడూ లేడని 1952 నాటి ఆయన నివేదిక తేల్చినది. సగటు మనిషికి అమర్చిన విమానపు గది ఎవరికీ అమరదన్నమాట. సీటును, పెడళ్ళను ఎవరికి వారు జరుపుకొనేట్లు చేయడమే దీనికి ఉపాయం. మన దేశంలోనూ భారతీయుల ఒంటికి తగిన సైజుల పట్టిక కోసం నిఫ్ట్ సంస్థ 25 వేల మందిని కొలిచే పనిని 2018లో తలపెట్టినది. పట్టిక ఎంత మంచిదైనా దుకాణదారుకు దారి చూపుతుంది గాని, మన ఇంటి మనిషికి సరిపడే అంకెను ఇవ్వలేదు. ఆ అంకె కోసం టేపు పట్టుకొని మనిషి దగ్గరకే పోవాలి.

నమూనాను సవరించే విధానం

మొదట నమూనాను ఎంచుకోవడం. చాలామంది ఛాతీ చుట్టుకొలతను బట్టి ఎంచుకుంటారు. భుజాలు, మెడ, చంక అమరేదానిని ఎంచుకోవడం మేలు. నడుము, తుంటి దగ్గర పక్క కుట్లు జరిపితే సరిపోతుంది. భుజం, చంక దగ్గర సవరణ కష్టం. మా వద్దనున్న నమూనా 32 అంగుళాల ఛాతీకి గీసినది. పిల్ల ఛాతీ 30 అంగుళాలు. అయినను భుజాల వెడల్పు, మెడ సరిపోయినందున దానినే తీసుకున్నాము.

రెండవది వదులు. ఒంటి కొలతే బట్ట కొలత అయితే చేయి ఎత్తలేము, ఊపిరి పీల్చలేము. కమీజుకు ఛాతీ దగ్గర 3 నుండి 4 అంగుళాల వదులు అవసరం. ఒంటిని అంటిపెట్టుకొని ఉండవలసిన చీర జాకెట్టుకు 1 లేక 1½ అంగుళం చాలును. ఇరుసుకు, బేరింగుకు మధ్య ఖాళీ ఉంచకపోతే ఏమవుతుందో మన మెకానికల్ విభాగం మిత్రులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవది పొడవు. పొడవు ఎక్కువైతే కింది అంచు కత్తిరిస్తే పోతుందని అనుకుంటాము. అట్లా చేస్తే నమూనాలోని నడుము మన నడుము దగ్గరకు రాదు, తుంటిమీదికి దిగిపోతుంది. పిల్లకు మెడ ఎముకనుండి నడుము వరకు 13½ అంగుళాలు, నమూనాకు 14½. ఇట్టి తేడాను చంకకు, నడుముకు మధ్య కాగితాన్ని అడ్డంగా మడచి తగ్గించాలి. అరంగుళం లోతు మడత వేస్తే ఒక అంగుళం పొడవు తగ్గుతుంది. పొడవు పెంచవలసివస్తే అదే చోట కాగితాన్ని కత్తిరించి, ఎడంగా జరిపి, మధ్యలో వేరే కాగితం అతికించాలి. ముందు భాగానికి, వెనుక భాగానికి ఒకే ఎత్తులో ఈ పని చేయకపోతే పక్క కుట్లు కలవవు.

నాలుగవది వెడల్పు. ఇక్కడ మా పాండిత్యం బయటపడినది. చుట్టుకొలతలో 2 అంగుళాలు తగ్గించాలి. ముందు భాగంలో ఒకటి, వెనుక భాగంలో ఒకటి అని లెక్కవేసి రెండు కాగితాలకు అంగుళం చొప్పున కత్తిరించాము. బట్టను మడతమీద పెట్టి కోస్తాము గనుక ఒక్కొక్క కాగితం చుట్టుకొలతలో నాలుగవ వంతు మాత్రమే. ప్రతి కాగితంలో అరంగుళం తగ్గించవలసినచోట అంగుళం తగ్గించితే మొత్తం 4 అంగుళాలు పోయినవి. వదులుకు ఉంచిన 4 అంగుళాలలో రెండే మిగిలినవి. మా శ్రీమతి ఒక మాటా అనలేదు. కొత్త కాగితం తెచ్చి మా ముందు పెట్టినది.

అదృష్టవశాత్తు మంగళగిరి బట్టకు కత్తెర తగలలేదు. మొదట కోరా బట్టమీద కోసి, కచ్చా కుట్టు వేసి, తొడిగి చూడాలని ఆమె ముందే నిర్ణయించినది. పాత దుప్పటి అయినా పనికివస్తుంది. అసలు బట్ట మందం, వాటం దానికి దగ్గరగా ఉంటే చాలు. నూలు బట్ట తడిస్తే కుంగుతుంది గనుక అసలు బట్టను రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తరువాతనే కోయాలి. నిలువు పోగు కమీజు పొడవు వెంట పోవాలి. ఈ నియమాలు చిన్నవే గాని, వీటిని మీరితే ఏ సవరణా నిలవదు.

తూకపు గుండు

రెండవ కోరా కమీజు మీద మేము పెన్సిలుతో గీతలు గీశాము. వెన్ను మధ్య నిలువు గీత ఒకటి, ఛాతీ దగ్గర అడ్డగీత ఒకటి, నడుము దగ్గర అడ్డగీత ఒకటి. తొడిగినప్పుడు నిలువు గీత నిలువుగాను, అడ్డగీతలు మట్టంగాను ఉండాలి. ముడతలు కూడ మాట్లాడుతాయి. బిగుతైన అడ్డ ముడతలుంటే అక్కడ వెడల్పు చాలలేదని అర్థం. వదులుగా వేలాడే నిలువు మడతలుంటే వెడల్పు ఎక్కువైనదని. ఏటవాలు ముడతలు బట్ట ఎక్కడ చాలలేదో ఆ చోటును వేలితో చూపినట్టు చూపుతాయి.

పిల్లను నిలబెట్టి చూచాము. ఛాతీ, పొడవు సరిగా కుదిరినవి. కాని మెడ ఎడమకు జారినది, కుడి అంచు లేచినది. దుకాణంలో జరిగినదే మళ్ళీ జరిగినది. కుడి రెక్క ఎముక దగ్గరనుండి ముడతలు మెడవైపుకు, ఎడమ నడుమువైపుకు లాగుతున్నవి. కోతలో పొరపాటు జరిగినదని మేము అనుకున్నాము. కమీజును విప్పించి బల్లమీద మధ్యకు మడచి చూస్తే కుడి ఎడమలు నూలు పోగంత తేడా లేకుండా కలిసినవి. అప్పుడు తాపీమేస్త్రీలు గోడ నిలువును చూచుకొనే తూకపు గుండును తెచ్చి, పిల్ల మెడ వెనుకనుండి వేలాడదీశాము. దారం నిలువుగా ఉన్నది. గీత దానిని వదలి పక్కకు పోయినది.

"ఏమండీ, తప్పు బట్టలో లేదేమో" అన్నది మా శ్రీమతి, మెల్లగా.

ఆ మాటతో పాటు ఆమె చేతిలోని గుండుసూదుల డబ్బా జారి కింద పడినది. పిల్ల మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి సూదులు ఏరసాగినది. ఆ భంగిమలో ఆమె వీపు కుడిభాగం ఎడమ భాగం కంటె స్పష్టంగా ఎత్తుగా లేచి కనిపించినది. అప్పటివరకు మేము బట్టనే చూస్తున్నాము. పిల్ల వీపును చూడటం అదే మొదటిసారి.

ఆ సాయంకాలం మా శ్రీమతి పెట్టెలోనుండి మాస్టరుగారు కుట్టిన పాత కమీజులు మూడు తీసి భుజాల దగ్గర కుట్లు విప్పినది. అన్నింటిలోను ఎడమ భుజం లోపల మడచి పెట్టిన బట్ట ఉన్నది. మొట్టమొదటిదానిలో ఒక పొర, రెండవదానిలో రెండు, అన్నిటికంటె కొత్తదానిలో మూడు. కుడి అంచున వదలిన బట్ట కూడ అదే క్రమంలో పెరిగినది. యంత్రపు పాదం కింద నెలనెలా ఒక పలుచని రేకు చేర్చవలసివస్తుంటే, రేకులు ఇంకా ఎన్ని ఉన్నవని ఏ ఇంజనీరూ అడగడు, పునాది ఎందుకు కుంగుతున్నదని అడుగుతాడు. మా ఇంట రెండేళ్ళుగా ఆ రేకులు చేరుతున్నవి. మేము మాత్రం బట్ట చక్కగా అమరినదని సంతోషించాము.

వైద్యుల మాట

మరునాడు మన ఆసుపత్రికి తీసుకొనిపోయాము. అక్కడినుండి పట్నంలోని ఎముకల వైద్యులకు పంపారు. నిలబెట్టి ఎక్స్‌రే తీసి, వెన్నెముక పక్కకు వంగినదనీ, వంపు 28 డిగ్రీలనీ చెప్పారు. దీనిని స్కోలియోసిస్ అంటారు. ఎదిగే వయసు పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురికి 10 డిగ్రీలకు మించిన వంపు ఉంటుందనీ, వారిలో చాలామందికి చికిత్స అవసరమే రాదనీ, వంపు పెరగడం మాత్రం ఆడపిల్లలలో ఎక్కువనీ వివరించారు. కారణం చాలామందిలో తెలియదు. పుస్తకాల సంచి బరువువల్లగాని, వంగి కూర్చోవడంవల్లగాని ఇది రాదు. ఆ మాట విన్నప్పుడు మేము తల ఎత్తలేకపోయాము. నిటారుగా నిలబడమని పిల్లను ఎన్నిసార్లు కసిరామో గుర్తుకు వచ్చినది. ఆమె తన చేతనైనంత నిటారుగానే నిలబడినది.

ఎముకలు ఇంకా ఎదుగుతూ, వంపు 25 నుండి 40 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు నడుముకు, ఛాతీకి బిగించే బ్రేసు వల్ల ప్రయోజనం ఉంటుంది. బ్రేసు వేసిన పిల్లలలో నూటికి 72 మందికి, వేయకుండా గమనించిన పిల్లలలో 48 మందికి వంపు శస్త్రచికిత్స దాకా పోకుండా ఆగినదని 2013లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం చూపినది. రోజులో ఎన్ని ఎక్కువ గంటలు ధరిస్తే అంత మేలని కూడ అందులోనే తేలినది. పిల్లకు రోజుకు 18 గంటలు ధరించాలని చెప్పారు. బ్రేసు తయారు కావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. పెళ్ళి రెండు వారాలలో ఉన్నది.

రెండు భుజాలకు రెండు లెక్కలు

ఇక మంగళగిరి బట్ట. మామూలు నమూనా సగం మనిషిదే. బట్టను మడచి కోస్తే రెండవ సగం దానంతట అదే వస్తుంది. కుడి ఎడమలు ఒకటేనన్న నమ్మకం ఆ మడతలోనే ఉన్నది. తేడా ఉన్న ఒంటికి ముందు భాగాన్ని, వెనుక భాగాన్ని పూర్తిగా పరచి గీసుకోవాలి. కుడి, ఎడమ అని పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. బట్టను మడవకుండా ఒక పొరగా పరచి కోయాలి.

ఎడమ భుజం అరంగుళం కిందికి ఉన్నది. భుజం కుట్టును ఆ వైపు బయటి కొసన అరంగుళం దింపి, మెడ దగ్గరకు వచ్చేసరికి తేడా లేకుండా కలిపాము. ఆపై చంక అడుగు భాగాన్ని కూడ అరంగుళం దింపాము. భుజాన్ని మాత్రమే దింపి చంకను వదలితే చేయి దూరే చోటు ఇరుకైపోతుంది. కుడి రెక్క ఎముక మీదుగా బట్ట పోవడానికి పొడవు, వెడల్పు రెండూ ఎక్కువ కావాలి. వెనుక భాగపు కాగితాన్ని ఆ ఎముక ఎత్తులో వెన్ను మధ్యనుండి కుడి చంకవైపుకు అడ్డంగా కోసి, వెన్ను మధ్య గీత దగ్గర ఎడం చేయకుండా, ఎముక మీద కొద్దిగా తెరచి, కింద వేరే కాగితం అతికించాము. పెరిగిన బట్టను భుజం కుట్టులో చిన్న టక్కుగా తీసుకున్నాము. ఎంత తెరవాలన్నది కోరా బట్టమీద ముడతలు పోయేవరకు గుండుసూదులతో చూచి నిర్ణయించాము. దీనికి సూత్రం లేదు.

చివరకు అంచు. దానిని భుజంనుండి కిందికి కొలవకూడదు. పిల్లను చెప్పులు లేకుండా నేలమీద నిలబెట్టి, నేలనుండి పైకి ఒకే ఎత్తులో స్కేలుతో చుట్టూ సుద్ద గుర్తులు పెట్టాలి. ఒంటిలో ఎన్ని తేడాలున్నా నేల ఒకటే గనుక అంచు మట్టంగా వస్తుంది. పక్క కుట్లలో లోపల అంగుళం బట్ట వదలాలి. ఎదిగే పిల్లకు అది మరుసటి ఏడు అక్కరకు వస్తుంది.

ఎడమ భుజంలో మాస్టరుగారు పెట్టినట్టు బట్ట మడచి పెట్టమంటావా అని మేము పిల్లను అడిగాము. ఆమె కొంతసేపు అద్దంలో చూచుకొన్నది. "వద్దు నాన్నా. రెండు భుజాలూ ఒకేలా కనిపించనక్కరలేదు. బట్ట నన్ను పట్టుకొని లాగకపోతే చాలు" అన్నది. ఆ కమీజుతోనే పెళ్ళికి వచ్చినది. విడిదింట్లో మా అత్తగారు అందరికీ బట్టను చూపి గర్వపడ్డారు. కుట్టును ఎవరూ గమనించలేదు. మంచి కుట్టుకు అంతకంటె యోగ్యతాపత్రం అక్కరలేదు.

ఆ తరువాత మూడేళ్ళు బ్రేసు. బ్రేసు మందం చేరితే చుట్టుకొలతలన్నీ మారుతాయి. అందుచేత బ్రేసు తొడిగిన తరువాతనే కొలతలు తీయాలి. లోపల ధరించే నూలు బనీనుకు కుట్లు బయటివైపు ఉంచాలి. లేకపోతే బ్రేసు ఒత్తిడికి కుట్టు చర్మాన్ని కోస్తుంది. మెడ వెనుక బొత్తాలు పెట్టకుండా ముందువైపు పెడితే పిల్ల ఎవరి సాయమూ లేకుండా తొడుగుకొనగలదు. బ్రేసు అంచులు తగిలే చోట పలుచని బట్ట త్వరగా చిరుగుతుంది. అక్కడ లోపల ఒక పట్టీ వేయడం మంచిది. ఈ ఉపాయాలలో సగం మాస్టరుగారు నేర్పినవే.

ఆయన కంటి కట్టు విప్పుకొని తిరిగివచ్చిన తరువాత మేము వెళ్ళి అడిగాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆడపిల్ల భుజం సమంగా లేదని చెబితే తల్లిదండ్రులు నొచ్చుకుంటారని, నలుగురి చెవిన పడితే పిల్లకు మంచిది కాదని తలచి, తన విద్యతో కప్పివేశానని చెప్పారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆయన కప్పినది దయతోనే. మేము రెండేళ్ళు చూడనిది అశ్రద్ధతో. ఎవరిది పెద్ద తప్పో మాకు తెలుసు. పూర్తి నమూనా గీసే పద్ధతిని ఆ తరువాత ఆయనే మా శ్రీమతికి తన బల్లమీద గీసి నేర్పారు.

ఎదుగుదల ఆగేనాటికి వంపు 31 డిగ్రీల దగ్గర నిలిచినది. శస్త్రచికిత్స అవసరం రాలేదు. అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నది, తన బట్టలు తానే కుట్టుకుంటున్నది. ఆమె గదిలో అట్ట గొట్టంలో చుట్టి పెట్టిన కాగితపు నమూనా ఒకటి ఉన్నది. దానిమీద కొలతలు తీసిన తేదీ రాసి ఉంటుంది. ఏటా పాత తేదీ కొట్టివేసి కొత్తది రాస్తుంది.

పాఠకులకు మా మనవి స్వల్పం. దర్జీకి ఆది ఇవ్వండి, తప్పులేదు. కాని పదేళ్ళ నుండి పదిహేనేళ్ళ మధ్య పిల్లలను ఆరు నెలలకొకసారి టేపుతో మీరే కొలవండి. మెడ ఎముకనుండి రెండు భుజాల కొసలకు, చంకలనుండి నడుముకు కుడి ఎడమలు వేరువేరుగా కొలచి, తేదీ వేసి రాసిపెట్టండి. బట్ట ఎప్పుడూ ఒకే వైపుకు జారుతుంటే కోత సరిచూడండి. కోత సరిగా ఉంటే పిల్లను పాదాలు కలిపి నిలబెట్టి, చేతులు జోడించి ముందుకు వంగమని, వెనుకనుండి వీపును చూడండి. ఒకవైపు ఎత్తుగా ఉంటే వైద్యుని వద్దకు వెళ్ళండి. దర్జీగారిని కూడ, మా బిడ్డ బట్టలో మీరేమైనా సర్దుతున్నారా అని నోరు తెరచి అడగండి. సవరణ చేయగల చేతికి కారణం కూడ తెలిసి ఉంటుంది. అడిగేవారుంటే చెబుతుంది.

వచ్చే సంచికలో, పలువురు పాఠకుల కోరికపై, కుట్టు మిషనుకు నూనె వేయడం, బాబిను దారం బిగువు సరిచేయడం గురించి ముచ్చటించుకుందాము. మీ ఇంటి పాత మిషనును అంతవరకు అటక మీదనుండి దింపి ఉంచవలసినదిగా కోరుతున్నాము.